ఆయువుపట్టు

జ్వరములకు వరుసలు

జ్వరము వచ్చు వరుసను లెక్కించి దానికి పేరు పెట్టుట మన దేశపు వైద్యులకు మిక్కిలి ప్రాచీనమైన అలవాటు. ప్రతిదినము ఒకమారు వచ్చి పోవుదానిని అన్యేద్యుష్కమనియు, దినము విడిచి దినము వచ్చుదానిని తృతీయకమనియు, రెండు దినములు విడిచి నాలుగవనాడు వచ్చుదానిని చాతుర్థికమనియు విభజించి, ఇట్టివానిని విషమజ్వరములను పేరున ఆయుర్వేద గ్రంథకర్తలు వర్ణించిరి. శాస్త్రము చదువని పల్లెటూరి ముసలమ్మలు కూడ ఈ లెక్క నెఱుగుదురు: నాలుగు గొంగళ్లు కప్పినను ఆగని వణుకును, వణుకు తీరినపిమ్మట సెగలు గ్రక్కు ఒంటిని, దానివెనుక పక్కబట్టలు తడిసిపోవునంతటి చెమటను చూచి, నిన్న లేదు గదా, మొన్న ఇదే వేళకు వచ్చినది గదా యని వ్రేళ్లు మడిచి, ఇది చలిజ్వరమని తేల్చివేయుదురు.

ఆ లెక్కవెనుక నున్న కారణము 19వ శతాబ్దపు చివరి భాగమువరకు ఎవరికిని తెలియలేదు. 1880లో అల్జీరియాలోని కాన్‌స్టంటైన్ నగరమున ఫ్రెంచి సైనికవైద్యుడు లావెరాన్ ఒక రోగి నెత్తుటిలో ప్రాణముగల క్రిమిని చూచెను. కొలది సంవత్సరములలోనే ఇటలీ దేశీయుడు గోల్జీ, ఆ క్రిములు ఎఱ్ఱకణములలో పెరిగి, విభజనమొంది, కణములను పగులగొట్టుకొని ఒక్కుమ్మడి వెలువడు వేళకే జ్వరము వచ్చుచున్నదని నిరూపించెను. 48 గంటల కొక తరము ముగియు ప్లాస్మోడియం వైవాక్స్ తృతీయకమును, 72 గంటలు తీసికొను ప్లాస్మోడియం మలేరియే చాతుర్థికమును కలిగించును. మలేరియా మరణములలో అత్యధికభాగమునకు కారణమైన ప్లాస్మోడియం ఫాల్సిపారమునకు గడువు సుమారు 48 గంటలే కాని, దాని జ్వరము తఱచు వరుసతప్పి నడచును. వ్రేళ్లపై లెక్కకు అది లొంగకపోవుటచేత, గాజుపలకపై నెత్తుటిచుక్కను పఱచి, రంగువేసి, సూక్ష్మదర్శినిలో చూచి క్రిమిజాతిని పోల్చుట సర్వత్ర వైద్యాచారమైనది.

ఆ కన్నుకూడ మోసపోవుననుటకు ఒక కథ కలదు. 1932లో కలకత్తాలోని ఉష్ణమండల వైద్య విద్యాలయమున నోల్స్, దాస్‌గుప్తా అను ఇరువురు కోతి నెత్తుటిలోని ఒక మలేరియా క్రిమిని మనుష్యుల కెక్కించి, అది మానవదేహములోను బ్రతుకగలదని చూపిరి. నోల్స్ పేరనే దానికి ప్లాస్మోడియం నోలెసి యని నామకరణము జరిగినది. అది 24 గంటలకే ఒక తరమును ముగించును. తరువాత డెబ్బది సంవత్సరములు దాదాపుగా దానిని అందఱును కోతులరోగముగనే భావించిరి. ఆ కాలమంతయు గడచిన పిమ్మట, మలేషియాకు చెందిన బోర్నియో భాగమున, సారవాక్ రాష్ట్రములోని కపిత్ అను ప్రాంతములో, ప్లాస్మోడియం మలేరియే యని పరీక్షకులు వ్రాసికొనుచున్న రోగుల సంఖ్య అసాధారణముగా పెరిగెను. ఆ జాతివలన మందముగా నుండవలసిన రోగము అచట తీవ్రముగా కనిపించెను. బల్బీర్ సింగ్, జానెట్ కాక్స్-సింగ్ ప్రభృతులు ఆ రోగుల నెత్తుటిలోని డి.ఎన్.ఏ.ను పరీక్షించి 2004లో ప్రకటించిన ఫలితములలో, 208 మందిలో 120 మందికి సోకినది ఆ కోతుల క్రిమియే యని తేలినది. పెరిగిన దశలో ఈ రెండు జాతులును ఎఱ్ఱకణమున కడ్డముగా పట్టెవలె పఱచుకొనియుండును. ఆ పట్టెను చూచి ఇది దానిదో దీనిదో చెప్పుట ఎంతటి అనుభవజ్ఞునికైనను అలవికానిది.

రూపము చాలనప్పుడు వంశము నడుగవలెను. వంశము చెప్పు వ్రాత క్రిమి కణములో మూడుచోట్ల భద్రమై యున్నది: కేంద్రకములో ఒకటి, ఎపికోప్లాస్టు అను చిన్న కణాంగములో ఒకటి, మైటోకాండ్రియాలో ఒకటి. ఈ మూడింటిలో మిక్కిలి చిన్నదగు మూడవదానియందలి ఒక జన్యువునుగూర్చియే ఈ అధ్యాయము.

ఆరువేల అక్షరములు

మైటోకాండ్రియా యనునది వందకోట్ల సంవత్సరములకు పైగా పూర్వము స్వతంత్రముగ జీవించుచుండిన ఒక బాక్టీరియము యొక్క సంతతి. ఏదో ఒక పురాతన కణము దానిని తనలో నిలుపుకొన్నది; అది ఆహారమును దహించి శక్తిని సమకూర్చి పెట్టుచు, అద్దె చెల్లించు కాపురస్థునివలె అచటనే స్థిరపడినది. కాలక్రమమున ఆ కాపురస్థుడు తన స్థిరాస్తిలో, అనగా తన జన్యువులలో, అధికభాగమును ఇంటి యజమానియగు కేంద్రకమునకు దఖలుపఱచి, కొద్దిపాటి మాన్యమును మాత్రము తనపేర నుంచుకొనెను. మనుష్యుని మైటోకాండ్రియాలో మిగిలిన ఆ మాన్యము 16,569 అక్షరముల డి.ఎన్.ఏ.; దానిలో 13 ప్రోటీనులకు వ్రాత యున్నది. మలేరియా క్రిమి ఇంతకన్న ఉదారముగా ఇచ్చివేసినది. దాని మైటోకాండ్రియా వ్రాత సుమారు 6,000 అక్షరములు. అందు ప్రోటీనుల జన్యువులు మూడే మూడు. మైటోకాండ్రియా వ్రాతలలో ఇది అత్యల్పమైనవాని వరుసలోనిది. ప్రోటీనులను నేయు రైబోసోముల ఆర్.ఎన్.ఏ.కు సంబంధించిన భాగములు కూడ అందులో ముక్కముక్కలై అక్కడక్కడ చెదరియున్నవి. మాన్యమును పంచుకొనుటలో గట్లు చెరిగిపోయిన పొలమువలె నున్నది దాని పటము.

ఈ విచిత్రము 1980 దశకపు చివర వెలుగులోనికి వచ్చినది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పరిశోధనచేయుచుండిన భారతీయమూలము గల శాస్త్రజ్ఞుడు అఖిల్ వైద్య, ఆయన సహచరులు, ఎలుకలకు సోకు మలేరియా క్రిమిలో ఆరువేల అక్షరముల ఖండమొకటి, చివర చివర అతుకుకొని మాలవలె పదేపదే వచ్చుచుండుట గమనించిరి. దానిని చదివి చూడగా ఇతర ప్రాణుల మైటోకాండ్రియాలో నుండు జన్యువుల పోలికలు కనిపించినవి. వానిలో నొకటి సైటోక్రోమ్-బి యను ప్రోటీనును వ్రాయు జన్యువు.

ఇంత ఇచ్చివేసిన క్రిమి ఈ మూడింటిని మాత్రము ఏల నిలుపుకొనవలెను? ఈ ప్రోటీనులు మైటోకాండ్రియాపొర యొక్క కొవ్వులో నిండ మునిగియుండునవి గనుక, బయట తయారుచేసి లోపలికి చేరవేయుట దుష్కరమను వివరణ మొకటి కలదు. కారణ మేదైనను, ఫలితము స్పష్టము. ఫాల్సిపారము మన దేహరక్షణ నేమఱించుటకై తన పైవేషమును మార్చుకొనుచు, ఆ వేషములకే సుమారు 60 జన్యువులను ప్రత్యేకించుకొన్నది. 5,000 పైచిలుకు జన్యువులు గల దాని కేంద్రకము మార్పులకు ఆటపట్టు. అట్టి బహురూపి కూడ ఈ ఆరువేల అక్షరములలో స్వేచ్ఛగా చేయి పెట్టజాలదు. బాలనాగమ్మ కథలో ఎన్ని మాయలైన చేయగల ఫకీరు తన ప్రాణమును మాత్రము ఒక చిలుకలో దాచవలసివచ్చినట్లు, ఈ క్రిమియు తన ఆయువుపట్టును ఒక ఇఱుకు తావున ఉంచుకొనవలసి వచ్చినది. దాచినచోటు మారనిది గనుక దానినిబట్టి క్రిమిని గుర్తింపవచ్చును; ప్రాణాధారము గనుక దానిపై దెబ్బ తీయవచ్చును.

అంచులొకటి, నేత వేఱు

గుర్తించుటను మొదట చూతము. రోగి నెత్తుటిచుక్కలోని క్రిమి డి.ఎన్.ఏ. అత్యల్పము. దానిని పెంచుటకు పి.సి.ఆర్. అను ప్రక్రియ యున్నది: కోరిన ఖండమునకు రెండు కొసలయందును సరిపడు చిన్న తునకలను చేర్చి, వేడిచేయుచు చల్లార్చుచు పోయినచో, ప్రతి ఆవృత్తికిని ఆ ఖండము రెట్టింపగును. ముప్పది ఆవృత్తులకు ఒకటి వందకోట్లు దాటును. అయినను విత్తనముల సంఖ్య మొదటనే ఎక్కువగా నున్నచో పంట త్వరగా చేతికందునుగదా! చాలకాలముగా ఈ పరీక్షకు వాడుచున్న రైబోసోము జన్యువు కేంద్రకములో నాలుగైదు మొదలు ఎనిమిదివరకు ప్రతులుగా నున్నది. మైటోకాండ్రియా వ్రాత ఒక్కొక్క క్రిమిలో ఇరువదికి తక్కువ కాకుండ ప్రతులుగా నుండును. కావుననే జ్వరము లేక, సూక్ష్మదర్శినికి చిక్కక, అతిస్వల్పసంఖ్యలో క్రిములను మోయుచు తిరుగువారిని పట్టుటకు సైటోక్రోమ్-బి మంచి ఎర యైనది.

దీనికి ఇంకొక సౌకర్యము కలదు. కొన్ని మగ్గములపై నేసిన చీరలకు అంచు లొక్కటే యుండి నడిమి నేత మాత్రము వేఱువేఱుగా నుండును. సైటోక్రోమ్-బి జన్యువు అట్టిదే. ప్రాణాధారమైన భాగములు మలేరియా జాతులన్నిటిలో దాదాపు మాఱకయుండుటచే ఒక్క జత తునకలతోనే అన్నిటిని పట్టుకొనవచ్చును. వాని నడుమ నున్న అక్షరములలో జాతిజాతికి తేడా లుండుటచే, పట్టుకొన్నది ఫాల్సిపారమో, వైవాక్సో, ఓవలేయో, మలేరియేయో, నోలెసియో చదివి చెప్పవచ్చును. బోర్నియో మనుష్యులయందును కోతులయందును దొరకిన నోలెసి మైటోకాండ్రియా వ్రాతలను పోల్చినవారు, ఆ క్రిమి మానవుడు ఆ ప్రాంతమున అడుగుపెట్టకముందే కోతులలో నుండెనని 2011లో నిర్ణయించిరి. మనుష్యుడు అడవిలోనికి చొచ్చుకొనిపోయి దోమకాటునకు చిక్కుకొన్నాడే కాని, రోగము కొత్తగా పుట్టలేదు.

పక్షులలో ఈ జన్యువునకున్న గౌరవము ఇంకను ఎక్కువ. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో దోమ కడుపుగోడపై మలేరియా క్రిమిని చూచిన సంగతి మనవారందఱు ఎఱిగినదే. మఱుసటి సంవత్సరము కలకత్తాలో ఆయన తన పరిశోధనను పూర్తిచేసినది మాత్రము పక్షుల మలేరియాతో. ఆయన నాడు పిచ్చుకలలో చూచిన జాతిని నేడు ప్లాస్మోడియం రెలిక్టం అందురు. రూపమునుబట్టి ఒక్కటిగా తోచు ఆ జాతిలోనే సైటోక్రోమ్-బిని చదువగా పెక్కు శాఖలు బయటపడినవి. స్వీడనులోని లుండ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2009లో ప్రకటించిన మాల్‌ఏవి యను పట్టికలో, ఈ జన్యువునుండి తీసిన 479 అక్షరముల ఖండమే ప్రతి శాఖకును ఇంటిపేరు. లోకము నలుమూలలనుండి వచ్చిన ఇట్టి శాఖలు నేడు వేలకొలది. హవాయి ద్వీపములలో అరుదైన తేనెపిట్టలను నిర్మూలించుచున్న రెలిక్టం అచట ఒకే శాఖకు చెందినదని, దాని పేరు జి.ఆర్.డబ్ల్యు.-4 అని ఆ 479 అక్షరములే చెప్పినవి.

పాత పలకపై నెత్తురు

ఒక జన్యువు ఇరువది ప్రతులుగా నుండుటచే కలుగు లాభము మఱొకచోట ఆశ్చర్యకరముగా ఫలించినది. యూరపుఖండమున మలేరియా నశించి దశాబ్దములైనది. ఆ నశించిన క్రిమి ఎట్టిదో, ఎచటినుండి వచ్చినదో తెలిసికొనుటకు ప్రాణముతో నున్న నమూనా లేదు. స్పెయినుదేశములో ఎబ్రో నది సముద్రమున కలియుచోట, వరిమళ్ల నడుమ, 1940 దశకమున జ్వరపీడితులకు చికిత్స చేసిన ఒక వైద్యుని కుటుంబము ఆయన రంగువేసి చూచిన గాజుపలకలను పారవేయక దాచియుంచినది. డెబ్బది ఏండ్లకు ఆ ఎండిన మరకలనుండి శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఏ.ను వెలికితీసిరి. పలకపై నెత్తురు పిసరంత. కాలము దానిలోని దీర్ఘమైన వ్రాతలను తునకలు చేసినది. అయినను ప్రతులు పెక్కుగా నుండుటచేత మైటోకాండ్రియా వ్రాతను అతికి చదువ వీలైనది. 2016లో వెలువడిన ఆ ఫలితము మన దేశమునకును సంబంధించినది: ఎబ్రోతీరపు ఫాల్సిపారము నేడు భారతదేశమున కనబడు శాఖకు అతి సన్నిహిత బంధువు. అచటి వైవాక్స్ మాత్రము నేటి అమెరికాఖండపు శాఖలకు దగ్గఱిది. అట్లాంటిక్ దాటిన యూరపీయుల నెత్తుటిలో నదియు ప్రయాణముచేసి యుండవచ్చును.

ఫాల్సిపారము మనుష్యునికి ఎచటినుండి సంక్రమించినదను పాతచిక్కు విడుటకును ఈ వ్రాతయే తోడ్పడినది. మధ్య ఆఫ్రికా అడవులలో స్వేచ్ఛగా తిరుగు గొరిల్లాలను, చింపాంజీలను పట్టి నెత్తురు తీయుట సాధ్యము కాదు. వాని పెంటికలను ఏఱి, దాదాపు 3,000 నమూనాలలో క్రిమి డి.ఎన్.ఏ.కై వెదకిన ఒక బృందము, మనుష్యుని ఫాల్సిపారమునకు మూలము పశ్చిమ గొరిల్లాలలోని క్రిమి యని 2010లో ప్రకటించినది. అడవినేలపై పడియున్న పేడలో మానవజాతి యొక్క అతిభయంకర శత్రువు పుట్టుపూర్వోత్తరములు దొరకుట విజ్ఞానచరిత్రలో ఒక వింత.

ఏతపు బాన

ఇక దెబ్బ తీయుటను గూర్చి. సైటోక్రోమ్-బి ఏమి చేయును? మైటోకాండ్రియాపొరలో ఎలక్ట్రానులు ఒక మెట్టునుండి ఇంకొక మెట్టునకు దిగుచు పోవును. వానిని మోసికొనిపోవు చిన్న అణువు యుబిక్వినోన్. దీనిని ఏతపు బానతో పోల్పవచ్చును. బాన బావిలో మునిగి నీరు నింపుకొని పైకి వచ్చును. కాలువలో గ్రుమ్మరించి మరల బావిలోనికి దిగును. గ్రుమ్మరించు తావే సైటోక్రోమ్-బి. అచట ఒక గుంటలో యుబిక్వినోన్ తన భారము దింపుకొని ఖాళీయై తిరిగిపోవును.

అటోవాక్వోన్ అను మందు అణువునకు యుబిక్వినోన్ పోలిక యున్నది. రెండవ ప్రపంచయుద్ధకాలమున క్వినైను చిక్కక, అమెరికాలో ఫీజర్ మొదలైన రసాయనజ్ఞులు నాఫ్థోక్వినోన్ల వర్గమును వెదకుటతో ఈ మందు కథ ఆరంభమైనది. ఇంగ్లండులోని వెల్‌కమ్ ప్రయోగశాలలలో అర్ధశతాబ్దికి ముగిసినది. అటోవాక్వోన్ సైటోక్రోమ్-బి గుంటలో దూరి కదలక కూర్చుండును. నిండిన బానకు గ్రుమ్మరించు తావు లేదు. గ్రుమ్మరింపని బాన మరల నింపుటకు పనికిరాదు. ఏతము మొత్తము నిలిచిపోవును. మనుష్యుని సైటోక్రోమ్-బిలో ఆ గుంటచుట్టు నున్న కొన్ని అమైనో ఆమ్లములు వేఱు గనుక మందు అచట గట్టిగా పట్టదు. రోగి బ్రతుకును, క్రిమి చచ్చును.

ఇచట ఒక చిక్కుప్రశ్న యున్నది. నెత్తుటిలో నున్నంతకాలము క్రిమి తన శక్తిని మన రక్తములోని చక్కెరను అరకొరగా విఱిచియే సంపాదించుకొనును. మైటోకాండ్రియా నడపు శక్తిగృహము దాని కపుడు దాదాపు అక్కఱలేదు. అక్కఱలేని యంత్రము నిలిచిపోయిన క్రిమి ఏల చావవలెను? దీనికి సమాధానము అఖిల్ వైద్య బృందమే 2007లో చెప్పినది. డి.ఎన్.ఏ.కు కావలసిన పిరిమిడిన్ అను అక్షరములను మనదేహము పాతవానినుండి తిరిగి వాడుకొనగలదు. మలేరియా క్రిమికి ఆ నేర్పు లేదు, అట్టి ప్రతి అక్షరమును క్రొత్తగా పోతపోసికొనవలెను. ఆ పోతలో ఒక మెట్టున వెలువడు ఎలక్ట్రానులను మోసికొనిపోవునది మన బానయే. రొట్టెపిండిని పొంగించు ఈస్టులో ఇదే పని చేయు ఒక ఎంజైము కలదు. దానికి యుబిక్వినోన్‌తో పని లేదు. ఆ ఈస్టు జన్యువును ఫాల్సిపారములో ప్రవేశపెట్టగా, ఆ క్రిములు అటోవాక్వోన్ ఎంత పోసినను లక్ష్యపెట్టక పెరిగినవి. అనగా మందు క్రిమిని కొట్టినది పొయ్యిమీద కాదు, వ్రాతబల్లమీద. నిప్పులేక కాదు, అక్షరములు లేక అది చచ్చుచున్నది.

ఒక్క అక్షరము

ఇంత గుఱిగల మందు ఒంటరిగా నిలువలేకపోయినది. థాయిలాండులో ఫాల్సిపారము సోకినవారికి అటోవాక్వోన్ మాత్రమే ఇచ్చి చూడగా, జ్వరము చప్పున తగ్గినను సుమారు మూడవవంతు మందిలో రోగము తిరుగబెట్టినది. ఒక రోగి దేహములో క్రిముల సంఖ్య తీవ్రదశలో లక్షకోట్లవరకు పోవచ్చును. అంత గుంపులో వ్రాతప్రతి తీయుటలో ఒకానొక క్రిమికి తగినచోట ఒక తప్పు దొరలుట అసంభవము కాదు; మందు తక్కిన గుంపునంతయు తుడిచిపెట్టి, ఆ ఒక్కదానికి మైదానమును ఖాళీచేసి ఇచ్చును.

ఆ తప్పు ఎచట జరుగునో కూడ తెలిసినది. ఫాల్సిపారము సైటోక్రోమ్-బిలో 376 అమైనో ఆమ్లములు వరుసగా నుండును. వానిలో 268వది టైరోసిన్. జన్యువులో దానికి వ్రాత టి-ఏ-టి యను మూడక్షరములు. నడిమి అక్షరము మాఱి టి-సి-టి యైనచో టైరోసిన్ స్థానమున సెరీన్ వచ్చును. టి-జి-టి యైనచో సిస్టీన్. మొదటి అక్షరము మాఱి ఏ-ఏ-టి యైనచో ఆస్పరజిన్. టైరోసిన్ పెద్ద వలయముగల అమైనో ఆమ్లము. గుంటలో మందును ఒత్తిపట్టుటకు ఆ వలయము తోడ్పడును. దానికి బదులు చిన్నది వచ్చి కూర్చుండగనే పట్టు సడలును, మందునకు క్రిమి లొంగుట వందల వేల రెట్లు తగ్గును. అక్షరస్ఖాలిత్యమువలన అర్థము తలక్రిందులగుట మన వ్రాయసగాండ్రకు తెలియని విద్య కాదు.

ఇందువలననే అటోవాక్వోన్‌కు ప్రోగ్వానిల్ అను పాతమందును జోడించిరి. 1940 దశకమునుండి వాడుకలో నున్న ఆ మందు దేహములో మాఱిన రూపమున వేఱొక ఎంజైముపై పనిచేయునని ప్రసిద్ధి. కాని ఈ జోడింపులో అది తన స్వరూపముతోనే, మైటోకాండ్రియాపొరపై విద్యుత్తును అటోవాక్వోన్ మఱింత సులభముగా కూల్చునట్లు సహాయపడును. మలరోన్ అను పేర ఈ జంట 2000లో అమెరికాలో ఆమోదము పొంది, మలేరియాదేశములకు పోవు ప్రయాణికుల సంచులలో చేరినది. అయినను 2002లో, నైజీరియానుండి తిరిగి వచ్చిన ఒక ప్రయాణికునికి ఈ జంటమందు పూర్తిగా ఇచ్చినను జ్వరము తిరుగబెట్టగా, అతని నెత్తుటిలోని సైటోక్రోమ్-బిని చదువగా 268వ స్థానమున ఆస్పరజిన్ కనబడినది. జాతిని చెప్పిన జన్యువే ఏ మందునకు ఆ క్రిమి లొంగదో కూడ చెప్పగలదని వైద్యశాలలకు అర్థమైనది.

తల్లిగారి ఆస్తి

ఈ ఒక్క అక్షరము ఇంత సులభముగా మాఱునపుడు, నిరోధము గల క్రిములు లోకమంతయు ఏల వ్యాపింపలేదు? క్లోరోక్విన్ కథ మనకు తెలియును: 1950 దశకపు చివర థాయిలాండు–కంబోడియా సరిహద్దున తలయెత్తిన నిరోధము భారతదేశమును దాటి 1970 దశకాంతమునకు ఆఫ్రికా చేరి, ఒక మహౌషధమును నిష్ప్రయోజనము చేసినది. కేంద్రకములోని ఒక జన్యువులో పుట్టిన ఆ మార్పు దోమలవెంట సముద్రములు దాటినది. అటోవాక్వోన్ విషయమున మాత్రము, 268వ స్థానపు మార్పు ఈ రోగిలో నొకమారు, ఆ రోగిలో నొకమారు, ఒకరితో నొకరికి సంబంధము లేకయే పుట్టుచున్నది. పుట్టిన చోటనే సమసిపోవుచున్నది.

కారణము దోమ కడుపులో దొరకినది. దోమ నెత్తురు పీల్చినపుడు క్రిమి యొక్క స్త్రీపురుషకణములు అచట సంయోగమొందును. పుట్టిన పిండము కడుపుగోడను తొలుచుకొనిపోయి తిత్తిగా పెరుగును. అచట మన రక్తమువలె చక్కెర ధారాళముగ పాఱదు. ఇంతకాలము ప్రక్కన పడియున్న శక్తిగృహమే ఇపుడు క్రిమికి ఆధారము. మెల్బోర్న్ నగరపు శాస్త్రజ్ఞులు ఇండోనేషియావారితోను ఇతరులతోను కలిసి, ఎలుకల మలేరియా క్రిములలో ఈ మార్పులను తెచ్చి దోమలకు కుడిపి చూచిరి. 2016లో వారు ప్రకటించినదేమన, నెత్తుటిలో చక్కగా పెరిగిన నిరోధక క్రిములు దోమలో కూలిపోయినవి. 268వ స్థానపు మార్పుగలవి దోమద్వారా సంక్రమింపలేకపోయినవి. మందుపట్టు తప్పించుకొనుటకై గుంటను వదులుచేసికొన్న క్రిమి, ఆ గుంటలోనే భారము దింపవలసిన యుబిక్వినోన్‌కును పట్టు లేకుండ చేసికొన్నది. బాణము తగులకుండ చిలుక రెక్కలు కత్తిరించుకొన్నట్లైనది; బ్రతికినది కాని ఎగురలేదు. మానవుల ఫాల్సిపారమునే తీసికొని అమెరికాలో చేసిన పరిశోధనయు 2023లో ఇట్టి ఫలితమునే ఇచ్చినది.

ఇంకొక శిక్షయు కలదు. కేంద్రకములోని జన్యువులు తల్లినుండియు తండ్రినుండియు వచ్చును గనుక, అందలి మార్పు ఏదో ఒక త్రోవను సంతానమున చేరును. మైటోకాండ్రియా వ్రాత మలేరియా క్రిమిలోను మనలోవలెనే తల్లినుండి మాత్రమే వచ్చును. అది తల్లిగారి ఆస్తి. నిరోధకమైన పురుషకణము ఆరోగ్యవంతమైన స్త్రీకణముతో కలిసి సంతానము పొందినను, ఆ సంతానమునకు దక్కునది తల్లి యొక్క మారని సైటోక్రోమ్-బి. దానితో మందునకు లొంగు గుణమే మరల వచ్చును. వారసత్వపు చట్టమే క్రిమికి విరోధమై నిలిచినది.

ఇందుకు సంతోషించి మందును అజాగ్రత్తగా వాడవలెనని కాదు. నిరోధము పుట్టిన రోగి మంచముమీద నున్న రోగియే. అతని నెత్తుటిలోని క్రిమి దోమలోనికి పోజాలదన్న వార్త అతనికి ఊఱట కాజాలదు. ఎలుకల క్రిములలో అన్ని మార్పులును ఒకేవిధముగ శిక్షింపబడలేదు. కొన్ని క్షీణముగానైనను కొంతదూరము పోయినవి. ప్రకృతి ఎన్నిమార్లు పాచికలు వేయునో మనము లెక్కింపజాలము. 2023లో ఒక్క సంవత్సరమున లోకమున 26 కోట్లకు పైగా మలేరియాకేసులును, సుమారు 6 లక్షల మరణములును కలిగెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. అంతటి గుంపులో ప్రతి క్రిమియు ఒక పాచికయే.

అయినను ఈ తెలివి ఒక క్రొత్త త్రోవను చూపినది. క్రిమి యొక్క బలహీనత దోమలో నున్నచో, మందును దోమకే ఏల ఈయరాదు? 2019లో హార్వర్డు విశ్వవిద్యాలయపు పరిశోధకులు అటోవాక్వోన్ పూసిన తలముపై ఆడ ఎనాఫిలిస్ దోమలను కూర్చుండనిచ్చిరి. ఆరు నిమిషముల స్పర్శతోనే వాని కాళ్లగుండ మందు లోపలికి పోయి, కడుపులోని ఫాల్సిపారము పెరుగుట పూర్తిగా ఆగిపోయినది. దోమ చావలేదు, క్రిమి చచ్చినది. దోమతెరమీద వ్రాలి, నిద్రించువాని నెత్తుటికై దారి వెదకుచు దోమ గడపు సమయమే ఆ ఆరు నిమిషములు. లక్షకోట్ల క్రిములు గల రోగిదేహమున తప్పువ్రాతకు చోటు పుష్కలము. దోమ కడుపులో నుండు తిత్తులు తఱచు వ్రేళ్లపై లెక్కింపదగినన్నియే. మందుపట్టును విడిపించు ఆ ఒక్క అక్షరము అంత కొద్దిమందిలో దొరలుట కష్టము. దొరలినను, దానికి తప్పక కావలసిన శక్తిగృహమును చెఱపు అక్షరము అదియే.